గ్రౌండ్ ఉంది, పీఈటీ ఉన్నారు, ఆడపిల్లలు మాత్రం చెట్టు కిందే. మీ బడుల్లో ఏం చేస్తున్నారు?

సుద్దముక్క
అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మాకు గ్రౌండ్ ఉంది, పీఈటీ ఉన్నారు, టైంటేబుల్లో గేమ్స్ పీరియడ్ ఉంది. చాలా బడుల కన్నా నయమే. అయినా ఆరు, ఏడు తరగతుల్లో పరుగులు తీసిన ఆడపిల్లలే ఎనిమిదికి వచ్చేసరికి వేపచెట్టు కింద చేరి నోట్సు రాసుకుంటున్నారు. గ్రౌండంతా మగపిల్లల క్రికెట్టే. పదో తరగతికైతే గేమ్స్ పీరియడ్ కాగితం మీదే ఉంటుంది, అందులో లెక్కలు నడుస్తాయి. దీనికితోడు ప్రేయర్లో కళ్ళు తిరిగి కూలబడే పిల్లలు. అడిగితే పొద్దున ఏమీ తినలేదంటారు.

ఆరోగ్యం మీద క్లాసు పీకితే తలూపి వెళ్ళిపోతున్నారు. మీ దగ్గర నిజంగా పనిచేసినవి రాయండి. పనిచేయనివి కూడా.

విజిల్ మాస్టారు
సుద్దముక్క గారూ, గుంటూరు వైపు పీఈటీని. ముందు గ్రౌండ్ పంచండి. ఆడపిల్లలకు ఆసక్తి లేదని తేల్చేసే ముందు, వాళ్ళు ఆడాలనుకుంటే నిలబడడానికి చోటుందా చూడాలి. మేం గ్రౌండ్ మధ్యలో సున్నంతో గీత కొట్టాం. ఒక పక్క పూర్తిగా అమ్మాయిలది. బంతి గీత దాటితే అడిగి తీసుకోవాలి.

గేమ్స్ పీరియడ్లో నేను క్రికెట్ పెట్టను. నలభై మంది క్లాసులో ఒకడు వేస్తాడు, ఒకడు కొడతాడు, మిగతావాళ్ళు నిలబడి చూస్తారు. అది ఆదివారం వాళ్ళే ఆడుకుంటారు. పీరియడ్లో ఖోఖో, కబడ్డీ, త్రోబాల్, టెన్నికాయిట్. చెట్టు కింద పిల్లలను లేపడానికి టెన్నికాయిట్‌ను మించింది లేదు. రబ్బరు రింగు ఒకటి, అడ్డంగా కట్టడానికి తాడు ఒకటి ఉంటే చాలు. ఎప్పుడూ ఆడని పిల్ల కూడా ఆ పీరియడ్ అయ్యేలోపే పట్టడం, విసరడం నేర్చేసుకుంటుంది. పరుగులో వెనకబడతామన్న సిగ్గు ఉండదు.

ఇంకొకటి. ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి జట్లు ఏరుకోమనకండి. చివరిదాకా మిగిలిపోయిన పిల్లకు మరుసటి వారం నుంచి కడుపునొప్పి మొదలవుతుంది. రోల్ నంబర్ సరి ఒక జట్టు, బేసి ఒక జట్టు.

అసలు అడ్డంకి బట్టలు. చున్నీ జారుతుందని ఒక చెయ్యి దాని మీదే పెట్టుకుని ఖోఖో ఎలా ఆడుతుంది? మా హెచ్‌ఎం గారు గేమ్స్ ఉన్న రోజు చున్నీ బదులు వదులు టీషర్టు వేసుకోవచ్చన్నారు. పాత విద్యార్థులు కొనిచ్చారు. కొందరు తల్లులు ఇదేం పద్ధతి అన్నారు. వాళ్ళను సాయంత్రం గ్రౌండ్‌కే పిలిచి పిల్లల ఆట చూపించాం. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

కూకట్‌పల్లి అమ్మ
మీరు గ్రౌండ్ పంచుకోవడం గురించి మాట్లాడుతుంటే కుళ్ళు వస్తోందండీ. మా బాబు స్కూల్ నాలుగంతస్తుల బిల్డింగు. సెల్లార్లో బస్సుల మధ్య ఆడుకుంటారు. తొమ్మిదో తరగతికే ఐఐటీ ఫౌండేషన్, పొద్దున చీకటితో వ్యాన్ ఎక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే దిగడం. 2009 విద్యాహక్కు చట్టంలో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని ఉంది కదా అని పేరెంట్స్ మీటింగ్‌లో అడిగాను. దగ్గర్లో గ్రౌండ్‌తో టైఅప్ ఉందండీ అన్నారు. ఆ టైఅప్ గ్రౌండ్‌ను పిల్లలు స్పోర్ట్స్ డే నాడు చూస్తారు.

ఇక లాభం లేదని మా అపార్ట్‌మెంట్ తల్లులం కొందరం కలిసి రాత్రి భోజనానికి ముందు పిల్లలతో షటిల్ మొదలుపెట్టాం. పార్కింగ్‌లో కార్లకు తగులుతుందని అసోసియేషన్ వాళ్ళ గోల. అయినా ఆపలేదు. స్నేహితుడు దిగితే మావాడు ఫోన్ పక్కన పడేసి దిగుతాడు, నేను దిగమంటే దిగడు. కాబట్టి పిల్లాడి కన్నా ముందు వాడి స్నేహితుడిని పట్టుకోవాలి.

నీలం మాత్ర
పీహెచ్‌సీ డాక్టర్‌ని, బడుల్లో చెకప్‌లకు వెళ్తుంటాను. కళ్ళు తిరగడం గురించి చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. రక్తం లేని పిల్లను రెండు రౌండ్లు కొట్టమంటే ఆయాసం వచ్చి కూర్చుంటుంది. మనం దానికి బద్ధకం అని పేరు పెడతాం.

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. చాలాచోట్ల అది బ్యాగులోకి, అక్కడి నుంచి దారి పక్క కాలవలోకి వెళ్తోంది. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం వస్తుంది, ఒకరికి వస్తే క్లాసంతా భయపడుతుంది. మధ్యాహ్న భోజనం అయ్యాక, టీచర్ ఎదుటే వేయించండి. టీచర్లూ వేసుకోవచ్చు. పిల్లల ముందు మీరూ ఒకటి మింగితే సగం గొడవ పోతుంది. విరేచనం నల్లగా వస్తుందని ముందే చెప్పండి, లేకపోతే ఇంట్లోవాళ్ళు కంగారుపడి మాన్పించేస్తారు. వేసుకున్న వెంటనే టీ వద్దు, జామకాయ, ఉసిరికాయ మంచివి. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా వదలొద్దు.

నెలసరిలో ఆడొచ్చా అని పిల్లలు మెల్లగా అడుగుతారు. ఒంట్లో బాగుంటే హాయిగా ఆడొచ్చు. కొందరికి కదిలితేనే నొప్పి తగ్గుతుంది. నొప్పి భరించలేనంతగా ఉన్నా, రక్తస్రావం మరీ ఎక్కువైనా డాక్టర్‌కి చూపించాలి.

ఎంతసేపు ఆడాలి అంటే, 5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదంతా ఒకేసారి కానక్కర్లేదు. బడికి గబగబా నడిచి వచ్చినా లెక్కే. 2016 నాటి లెక్కల్లో ప్రపంచం మొత్తం మీద 11-17 ఏళ్ళ పిల్లల్లో 81 శాతం మందికి అంత కదలిక లేదు. అమ్మాయిల్లో 85, అబ్బాయిల్లో 78. అంటే మీ వేపచెట్టు ఒక్క ప్రకాశం జిల్లాలోనే లేదు.

లాస్ట్ బెంచ్
ఇంటర్ చదువుతున్నా. పెద్దవాళ్ళంతా మాట్లాడుతున్నారు కాబట్టి ఒక్క మాట. హోంవర్క్ చేయకపోతే గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించేవాళ్ళు, లేటుగా వస్తే గుంజీలు. బాగా చదివితే గేమ్స్ పీరియడ్, అల్లరి చేస్తే గేమ్స్ కట్. పరుగు ఏమో శిక్ష, ఆట ఏమో బహుమతి. లావుగా ఉన్న మా ఫ్రెండ్‌ని అందరి ముందూ తూకం వేసి బరువు పైకి చదివారు. వాడు ఆ తర్వాత పీఈటీ పీరియడ్ ఉన్న రోజు బడికే రాలేదు.

విజిల్ మాస్టారు
తమ్ముడూ, నువ్వు చెప్పింది స్టాఫ్‌రూంలో అంటించాలి. బరువు, ఎత్తు చూడాల్సిందే కానీ ఒక్కొక్కరిని విడిగా పిలిచి చూడాలి.

పదోక్లాసు నాన్న
అన్నీ బాగానే ఉన్నాయి. మార్చిలో పరీక్షలు పెట్టుకుని ఖోఖో అంటే ఏ తండ్రి ఒప్పుకుంటాడు? అలిసిపోయి ఇంటికొచ్చి పడుకుంటే ఫిజిక్స్ ఎవరు చదువుతారు?

గురుకులం టీచరమ్మ
అన్నా, పడుకోనివ్వండి! ఈ వయసు వాళ్ళకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మా పిల్లలు తెలంగాణ గురుకులంలో తెల్లవారగానే పీటీ చేసి, ఆ తర్వాతే స్టడీ అవర్‌లో కూర్చుంటారు. పీటీ లేని వానాకాలం రోజుల్లోనే పుస్తకం మీద తలపెట్టి కునికేవాళ్ళు ఎక్కువ. ఇది నా కళ్ళతో చూసింది, రీసెర్చ్ కాదు.

మా దగ్గర పిల్లలకు మాలావత్ పూర్ణ అంటే తెలియనివాళ్ళు ఉండరు. గురుకులంలో చదువుతూ, భువనగిరి గుట్ట మీద రాళ్ళెక్కడం నేర్చుకుని, 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ కథ చెబితే కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. అయితే కథ విని లేచి పరుగెత్తేవాళ్ళు కొందరే. మిగతావాళ్ళ కోసం మేం కోలాటం పెట్టాం. స్పీకర్‌లో పాట, చేతిలో కోలలు. కబడ్డీకి రాని పిల్లలు పీరియడ్ అయిపోయినా ఆపరు, చెమటకు జాకెట్లు తడిసిపోతాయి. బతుకమ్మ రోజుల్లో అయితే చెప్పే పనే లేదు. కదలడం ముఖ్యం, అది సిలబస్‌లో ఉన్న ఆటే కానక్కర్లేదు.

ఇంకో సంగతి, నీళ్ళు. ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగరు, తలనొప్పి అంటారు. 2019లో కేరళ బడుల్లో, నీళ్ళు తాగమని గుర్తుచేసే నీళ్ళ గంట మొదలైంది, తర్వాత మన దగ్గరా కొట్టారు. గంట కొట్టడం సులువే. బాత్రూం తలుపుకు గొళ్ళెం ఉందా, లోపల నీళ్ళు వస్తున్నాయా చూడకుండా గంట కొడితే పిల్లలు బాటిల్ ఎత్తినట్టు నటిస్తారు.

డాలస్ నాన్న
ఇక్కడ మా అమ్మాయి మిడిల్ స్కూల్లో పీఈకి బట్టలు మార్చుకునే గది వేరే ఉంది. అదొక్కటీ మన బడుల్లో ఉంటే బాగుండు. అలాగని ఇక్కడేదో గొప్ప అనుకోకండి, బడికి నడిచి వెళ్ళే దారే లేదు, అంతా కార్లే. స్కాట్లండ్‌లో ఒక ప్రైమరీ స్కూల్ 2012లో మొదలుపెట్టిన డైలీ మైల్ నాకు నచ్చింది. రోజూ పదిహేను నిమిషాలు, యూనిఫాంలోనే, పోటీ లేకుండా నడవడమో పరుగెత్తడమో. సామాను అక్కర్లేదు.

బడి ఎదురు కొట్టు
నన్ను తిట్టకుండా వినండి. మాది హైస్కూల్ గేటుకు ఎదురుగా చిన్న కొట్టు. బడి గేటుకు 50 మీటర్లలోపు నూనె, ఉప్పు, తీపి ఎక్కువున్న ప్యాకెట్లు అమ్మకూడదని 2020లో రూల్ వచ్చిందని ఒక సార్ వచ్చి చెప్పారు. నేను ఆపితే పక్క సందులో వాడు అమ్ముతాడు, పిల్లలు అటు పోతారు. అయినా ఒకటి చేశా. ముందు వరసలో పల్లీపట్టీలు, కారం చల్లిన జామకాయ ముక్కలు, ఉడకబెట్టిన శనగలు పొట్లం కట్టి పెట్టా. ప్యాకెట్లు వెనక్కి పెట్టా. జామకాయలు ఇంటర్‌వెల్ లోపే అయిపోతున్నాయి. శనగలు మిగులుతున్నాయి, నిజం చెప్పాలిగా.

నీలం మాత్ర
కొట్టు గారూ, శనగల్లో ఉల్లిపాయ, మామిడికాయ కోరు కలిపి చూడండి. సుద్దముక్క గారూ, మీరు ఒక పీరియడ్ దీనికే వాడుకోండి. 250 మిల్లీలీటర్ల కోలాలో పంచదార దాదాపు 26 గ్రాములు. పిల్లల చేతే చెంచాతో కొలిపించి గ్లాసులో పోయించండి. సీబీఎస్ఈ బడుల్లో 2025లో, దేనిలో ఎంత పంచదార ఉందో చూపే షుగర్ బోర్డులు పెట్టమన్నారు. బోర్డు కన్నా ఆ గ్లాసే బాగా పనిచేస్తుందని నా నమ్మకం.

సుద్దముక్క
చాలా థ్యాంక్స్ అండీ. హెచ్‌ఎం గారితో మాట్లాడాను. టీషర్టులకు డబ్బులు లేవు, గొళ్ళెం మాత్రం రేపే వేయిస్తామన్నారు. సోమవారం సున్నం గీత కొడుతున్నాం. పదో తరగతికి ప్రేయర్ ముందు పదిహేను నిమిషాలు అడిగాను, ఇంకా తేలలేదు. ఆఖరి పీరియడ్ పెడదామంటే పక్క ఊళ్ళ పిల్లలకు బస్సు పోతుంది. టెన్నికాయిట్ రింగులు ఎలాంటివి తీసుకోవాలి?

విజిల్ మాస్టారు
నొక్కి చూడండి. మరీ గట్టిగా ఉంటే వేళ్ళు నొప్పెట్టి పిల్లలు వదిలేస్తారు, మరీ మెత్తగా ఉంటే ఎండకు సాగిపోతుంది. రెండు ఎక్కువే కొనండి, ఒకటి ఎలాగూ గోడ దాటుతుంది. మొదటి వారం ఆ గీత దగ్గర మీరే నిలబడండి. మగపిల్లలు బంతి వంకతో లోపలికి వస్తూనే ఉంటారు.