రేటింగులో మొదటివాడు, బోర్డుల్లో మూడోవాడు: బుడాపెస్ట్‌లో అర్జున్‌కు న్యాయం జరిగిందా?

ఓరుగల్లు బంటు:
సంబరమంతా అయ్యాకే రాస్తున్నాను, తిట్టకండి. నిన్న, 2024 సెప్టెంబరు 22న, బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో (దేశాల జట్ల పోటీ) ఓపెన్, మహిళల విభాగాలు రెండింట్లోనూ మనకే బంగారం. ఓపెన్‌లో 22 మ్యాచ్ పాయింట్లకు 21 వచ్చాయి. తర్వాతి స్థానాల్లో ఉన్న అమెరికా, ఉజ్బెకిస్తాన్ 17 దగ్గరే ఆగిపోయాయి. అంతా బాగుంది గానీ ఒక్కటి మింగుడు పడటం లేదు. టోర్నీ మొదలయ్యేనాటికి జట్టులో అందరికంటే పెద్ద రేటింగు (ఆట బలాన్ని చెప్పే అంకె) మా హనుమకొండ అర్జున్ ఎరిగైసిది, 2778. గుకేశ్‌ది 2764, ప్రజ్ఞానందది 2750. మరి అర్జున్‌ను మూడో బోర్డులో, అంటే అవతలి జట్టు మూడోవాడి ఎదుట, ఎందుకు కూర్చోబెట్టారు? అమెరికా మేటి కరువానాను, చైనా మేటి వెయ్ యీని ఓడించిన పేరు గుకేశ్‌కు దక్కింది. 11 ఆటల్లో 10 పాయింట్లు తెచ్చిన అర్జున్ ఎవరిని ఓడించాడో చూడకుండా చెప్పండి చూద్దాం. పెళ్లికొడుకును పందిట్లో వెనక వరసలో కూర్చోబెట్టినట్టుంది నాకు.

నల్లగుర్రం:
అన్నా, బోర్డుల వరస రేటింగు ప్రకారమే ఉండాలని ఒలింపియాడ్‌లో రూలేమీ లేదు. టోర్నీకి ముందు వరస రాసిస్తే చివరిదాకా అదే. ఐదుగురిలో నలుగురు ఆడతారు, ఒకరికి విశ్రాంతి ఇస్తే కింది వాళ్లు ఒక్కో మెట్టు పైకి జరుగుతారు. కెప్టెన్ శ్రీనాథ్ ఈ వెసులుబాటునే వాడుకున్నాడు. అర్జున్ ఆట చూసేవాళ్లకు తెలుసు, నల్లపావులు వచ్చినా కయ్యానికే దిగుతాడు. మొదటి బోర్డులో ఎదుటివాడు సాధారణంగా ఆ జట్టు మేటి ఆటగాడు, ఆ కయ్యాన్ని చల్లార్చి డ్రాతో బయటపడటం తెలిసినవాడు. మూడో బోర్డులో వచ్చేవాళ్లు చాలామంది ఆ ఒత్తిడికి ఎక్కడో ఒకచోట తప్పు ఎత్తు వేస్తారు. తొమ్మిది గెలుపులు, రెండు డ్రాలు. ఇంకేం కావాలి?

ఓరుగల్లు బంటు:
ఫలితం బాగుంది కాబట్టి నిర్ణయం కూడా బాగుందంటే ఎలా? గుకేశ్‌ను మూడులో పెట్టినా అంతే గెలిచేవాడేమో. అదీగాక బలహీనుల మీద కొట్టిన స్కోరు అని రేపు ఎవడో ఒకడు అంటాడు. ఆ మాట పడేది అర్జునే, కెప్టెన్ కాదు.

డల్లాస్ డ్రా:
ఆ అనేవాడికి నేను జవాబు చెప్తాను. ఎదుటివాడికి మనకంటే వంద పాయింట్లు తక్కువ ఉంటే డ్రా చేసినా మన రేటింగు పోతుంది. అంటే అర్జున్ దాదాపు ప్రతి రోజూ గెలిచి తీరాలన్న టెన్షన్‌తోనే కూర్చున్నాడు. అలా కూర్చునీ 2778 నుంచి లైవ్‌లో (ఆటాటకూ మారే రేటింగు లెక్కలో) 2797కి వెళ్లాడు, ప్రపంచంలో మూడో ర్యాంకు. గుకేశ్ 2794తో ఐదు. మూడో బోర్డు అతన్ని తగ్గించిందా, పెంచిందా? (చివరి రౌండు ముందుగా మొదలవటంతో ఇక్కడ చీకట్లోనే లేచి చూశాను. ఆఫీసులో ఇవాళ నేను మనిషిని కాను.)

కృష్ణాతీరం:
అసలు సంగతి రంగులది, ఎవరూ ఎత్తలేదు. జట్టు మ్యాచ్‌లో ఒకటి, మూడు బోర్డులకు ఒకే రంగు వస్తుంది, రెండు, నాలుగుకు రెండో రంగు. అంటే గుకేశ్‌కు తెల్లపావులు వచ్చిన రోజు చాలావరకు అర్జున్‌కూ తెల్లే. మన ఇద్దరు గట్టివాళ్లూ ఒకేసారి మొదటి ఎత్తు వేస్తారు. పదో రౌండు అమెరికా మ్యాచ్ చూడండి. ప్రజ్ఞానంద వెస్లీ సో చేతిలో ఓడాడు, నాలుగో బోర్డు విదిత్ అరోనియన్‌తో డ్రా. ఒకటో బోర్డులో గుకేశ్ కరువానా మీద, మూడో బోర్డులో అర్జున్ డొమింగ్వెజ్ మీద గెలిచారు. 2.5–1.5తో మ్యాచ్ మనది. కానీ దీనికి తిరకాసు కూడా ఉంది. ఇద్దరికీ నల్లపావులు వచ్చిన రోజు భారమంతా రెండు, నాలుగు బోర్డుల మీద పడుతుంది. ఈసారి గుకేశ్, అర్జున్ నల్లతో కూడా గెలిచారు కాబట్టి ఆ గుంత కనబడలేదు. ప్రతిసారీ అలా జరగదు. నన్నడిగితే అర్జున్‌ను రెండులో పెట్టి, రోజూ ఒక గట్టివాడు తెల్లతో ఉండేలా చూసుకునేవాడిని. మూడు కాదు, ఒకటి కూడా కాదు.

ఏనుగమ్మ:
మీరంతా మగవాళ్ల జట్టు దగ్గరే ఆగిపోయారు. ఇదే ప్రశ్న మహిళల జట్టులోని హారిక వైపు నుంచి అడగండి. మన గుంటూరు అమ్మాయి మొదటి బోర్డులో రోజూ ఎదుటి జట్టు మేటి మీద ఆడింది, ఈసారి కలిసిరాలేదు. ఎనిమిదో రౌండులో పోలెండ్ చేతిలో ఓడాం, తొమ్మిదిలో అమెరికాతో డ్రా. ‘ఇక హారిక రిటైర్ కావాలి’ అని ఇక్కడే ఎవరో రాశారు. అదే జట్టులో మూడో బోర్డు దివ్య 11కి 9.5, నాలుగో బోర్డు వంతిక 9కి 7.5, ఇద్దరికీ వ్యక్తిగత బంగారాలు. పైన ఒకరు దెబ్బలు కాస్తేనే కింద పంట కోతకొస్తుంది. చివరి రోజు అజర్‌బైజాన్ మీద మమ్మద్‌జాదాను హారిక ఓడించినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఎందుకంటే మా యూనివర్సిటీ జట్టులో నన్ను కావాలనే మొదటి బోర్డులో పెట్టారు, నలుగురిలో బలహీనురాలిని నేనే కాబట్టి. ఐదు రౌండ్లలో నాలుగు ఓడాను. కింద ముగ్గురూ గెలుచుకుంటూ పోయారు, కప్పు వచ్చింది. గ్రూపు ఫొటోలో నేనూ ఉన్నాను. తిరుగు రైల్లో నా ఆటల గురించి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఓరుగల్లు తమ్ముడూ, బంగారం మెళ్లో వేసుకుని మూడో బోర్డులో ఉండటం కష్టమేమీ కాదు.

ఓరుగల్లు బంటు:
అక్కా, ఆ కోణం నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ మీది బలహీనులను పైన పెట్టిన ఎత్తుగడ. గుకేశ్ బలహీనుడు కాదు కదా. 10 ఆటల్లో 9 పాయింట్లు, 3056 పెర్ఫార్మెన్స్ (ఈ ఒక్క టోర్నీ ఆటకు తగిన రేటింగు). దాంతో నాకు పేచీ లేదు. నా పేచీ అల్లా, అర్జున్‌కు ఆ అవకాశం ఎప్పుడు?

నల్లగుర్రం:
2026లో సమర్‌ఖండ్ ఒలింపియాడ్ ఉంది. కాకపోతే నవంబరులో సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ పోటీలో గుకేశ్ చైనా చాంపియన్ డింగ్ లిరెన్‌ను ఓడిస్తే, ప్రపంచ చాంపియన్‌ను మొదటి బోర్డు నుంచి ఎవరు లేపుతారు?

కృష్ణాతీరం:
ఎందుకు లేపకూడదు? చైనా ఈసారి లేపలేదు, చాంపియన్ కాబట్టి డింగ్‌కు మొదటి పీట వేసింది. ఫామ్‌లో లేడని అందరికీ తెలుసు. టోర్నీ మొత్తంలో ఒక్క ఆట గెలవలేదు. మన మ్యాచ్‌కు అతనికి విశ్రాంతి ఇచ్చి వెయ్ యీని పైకి జరిపారు, గుకేశ్ గెలిచాడు, మిగతా మూడూ డ్రా, మ్యాచ్ మనది. సమర్‌ఖండ్‌లో వరస 2026 ఆగస్టులో ఎవరి ఆట ఎలా ఉందో చూసి రాయాలి. అప్పటికి ప్రజ్ఞానందే అందరికంటే బాగా ఆడుతుంటే?

ఓరుగల్లు బంటు:
ప్రజ్ఞానంద ఒకటి, అర్జున్ రెండా? అలాగైతే గుకేశ్ మూడో బోర్డులో కూర్చుంటాడా, చెన్నై వాళ్లు ఊరుకుంటారా?

డల్లాస్ డ్రా:
ఊరుకోరు. అప్పుడు వాళ్లు ఇలాంటిదే ఇంకో చర్చ మొదలుపెడతారు, మనం వెళ్లి రంగుల సంగతి చెప్దాం.