అప్‌డేట్: ముందు బూట్లే కొన్నాను

మొదటిసారి స్నోబోర్డింగ్ (రెండు కాళ్ళూ ఒకే బోర్డుకు బిగించుకుని మంచు మీద జారే ఆట) సామాను కొంటున్నాను, బోర్డు ముందా బూట్లు ముందా అని అడిగాను కదా. బూట్లే ముందని చెప్పిన అందరికీ థాంక్స్. అదే చేశాను.

మామూలు షూ సైజు వేసి చూస్తే లోపల మడమ పైకి లేస్తోంది. అర సైజు తగ్గించాను. ఇప్పుడు నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు భాగానికి తగులుతున్నాయి, మోకాళ్ళు వంచితే కాస్త వెనక్కి వస్తున్నాయి. సరైన ఫిట్ అంటే అదే. బూటు లోపలి మెత్తని పొర (లైనర్) వాడేకొద్దీ అణిగి వదులవుతుంది కాబట్టి కొత్తలో బిగుతుగా ఉండడమే మంచిది. సాక్సు ఒక్క జతే వేసుకుని అరగంట నడిచాను, నొప్పి లేదు.

బోర్డు నిలబెడితే గడ్డం దాకా రావాలన్న లెక్క వదిలేశాను. కంపెనీ చార్టులో నా బరువు చూసి పొడవు ఎంచుకున్నాను. నా పాదం పెద్దది, అందుకే వైడ్ బోర్డు తీసుకున్నాను. లేకపోతే మలుపులో బూటు కొన మంచుకు రాసుకుని పడిపోయే ప్రమాదం ఉంది. ఫ్లెక్స్, అంటే బోర్డు వంగే గుణం, మెత్తనిదే.

బైండింగ్స్ (బూట్లను బోర్డుకు బిగించే పట్టీలు) ముందు కాలికి +15, వెనక కాలికి -9 డిగ్రీలు పెట్టాను, అంటే రెండు పాదాలూ కాస్త బయటికి తిరిగి ఉంటాయి, మోకాళ్ళకు హాయిగా ఉంది. హెల్మెట్‌తో పాటు రిస్ట్ గార్డులు కూడా కొన్నాను. పడేటప్పుడు చేతులు ఆనించి మణికట్టు విరగ్గొట్టుకునే కొత్తవాళ్ళు చాలామంది, దయచేసి అవి మాత్రం మానకండి.