సన్ రికార్డ్స్ ఎకో పాత స్పూల్ రికార్డర్‌తో వస్తుందా?

1950లలో మెంఫిస్‌లో సామ్ ఫిలిప్స్ తీసిన సన్ రికార్డ్స్ పాటల్లోని స్లాప్‌బ్యాక్ ఎకో (గొంతు వెంటనే ఒక్కసారి తిరిగి వినిపించడం) అంటే నాకు పిచ్చి. ఆయన రెండు ఆంపెక్స్ టేప్ మెషీన్లు వాడేవాడు. గొంతు రెండో దాంట్లో రికార్డయి, ఆ టేపు దాన్ని చదివే ప్లేబ్యాక్ హెడ్‌ను చేరేసరికి పట్టే కాస్త ఆలస్యమే ఎకో. ఖరీదైన ఎకో గది అక్కర్లేదు, అదీ తెలివంటే!

నా దగ్గర మూడు హెడ్‌ల పాత స్పూల్ రికార్డర్ ఉంది. సెకనుకు 7.5 అంగుళాల వేగం దాటదు. రికార్డు, ప్లేబ్యాక్ హెడ్‌ల మధ్య సుమారు రెండంగుళాలు, అంటే ఆలస్యం పావు సెకనుకు పైనే. లోయలో అరిచినట్టు వస్తోంది. టేపును లాగే తిరిగే కడ్డీకి, అంటే క్యాప్‌స్టన్‌కి, లావుపాటి స్లీవ్ తొడిగి వేగం రెట్టింపు చేయొచ్చా? మోటార్ తట్టుకుంటుందా? చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. కంప్యూటర్‌లో ఎకో తెప్పించే ప్లగిన్ వాడమని మాత్రం అనకండి, అది ఉంది.