రొయ్యల డబ్బంటే ఎందుకింత చులకన?

ఉండి కుర్రాడు:
మాది పశ్చిమ గోదావరిలో ఉండి అనే ఊరి దగ్గర పల్లెటూరు. నాన్న ఇరవై ఏళ్లు వేరేవాళ్ల రొయ్యల చెరువుల మీద మేత చల్లి, చివరికి మూడెకరాలు లీజుకు తీసుకుని వనామీ రకం రొయ్య వేశారు. వరసగా మూడు పంటలు కలిసొచ్చాయి. అప్పులు తీర్చి, డాబా వేసి, పోయిన సంక్రాంతికి కారు కొన్నాం. అప్పట్నుంచి ఊళ్లో మాట మారిపోయింది. చెల్లి పెళ్లి భోజనాల్లో మా బంధువు ఒకాయన, నేను వెనకాలే పెరుగు బకెట్టుతో ఉన్నానని చూసుకోకుండా, "అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట" అన్నాడు, పక్కాయన నవ్వాడు. ఇద్దరికీ నేనే పెరుగు వడ్డించాను. నాన్నకి చెప్పలేదు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే గాలందక రొయ్య చచ్చిపోతుందని రాత్రి రెండింటికి జనరేటర్ వేయడానికి పరిగెత్తే మనిషి ఆయన, ఆ కష్టం ఎవరికీ కనబడదా? కారు తీయడం మానేయమంటారా?

పాలకొల్లు రైతు:
కారు ఎందుకు మానేస్తావు బాబూ, తియ్యి. కానీ అన్నవాళ్లందరిదీ కుళ్లనుకోకు. వనామీ రాకముందు, టైగర్ రొయ్య రోజుల్లో మా వీధిలోనే మేడలు లేచాయి, 1994, 95ల్లో తెల్లమచ్చ తెగులొచ్చి చెరువులకి చెరువులే పోయాయి, గృహప్రవేశానికి మేం భోంచేసిన ఇల్లే అప్పులవాళ్లు రాయించుకుంటే చూశాను. 2009లో వనామీకి అనుమతిచ్చాక మళ్లీ కళ వచ్చింది, 2025 ఆగస్టులో మన రొయ్యలు కొనే అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసేసరికి మళ్లీ దడ. అందుకే మా వయసువాళ్లకి రొయ్యల మేడ చూస్తే ముందు భయమే వేస్తుంది. వచ్చే పంటకి సీడు, అదే రొయ్య పిల్లల డబ్బు, మేత డబ్బు విడిగా పెట్టుకున్నారా లేదా, అది చూసుకో.

ఆకివీడు అక్క:
తమ్ముడూ, నా బాధ వేరు. మాది రెండెకరాల వరి, మూడు పక్కలా రొయ్యల చెరువులు తవ్వేశారు. వాటి ఉప్పునీటి ఊటకి గట్టు వార మట్టి తెల్లగా పేరుకుంది, నాటిన వారానికే నాట్లు ఎర్రబడ్డాయి. తాగే నీళ్లు క్యాన్లు కొంటున్నాం. చెరువులవాళ్ల కారు కనబడితే నా కడుపు మండేది డబ్బుని చూసి కాదు. ఒకాయన మాత్రం తన ఖర్చుతో ఆ ఊట చేలోకి రాకుండా చెరువుకీ చేలకీ మధ్య బోదె కాలువ తవ్వించాడు, ఆయన్ని ఊళ్లో ఎవరూ పల్లెత్తు మాట అనరు. మీ పక్క చేను ఎలా ఉందో మీ నాన్నగారు ఎప్పుడైనా చూశారా?

ఉండి కుర్రాడు:
అక్కా, మా చెరువుకి పడమటి పక్క ఇంకా వరే. మీరు రాసేదాకా తట్టలేదు, ఆ చేను పెళ్లిలో నవ్విన పక్కాయనదే. రేపు పొద్దున్నే నాన్నని తీసుకుని ఆ గట్టు మీదకి వెళ్తాను.