దించునా, ముంచునా? చెరిగిన ఒక్క అక్షరం

బుడ్డిదీపం
హ్యామ్ రేడియో వాల్వు యాంప్లిఫయరు (సిగ్నలు బలం పెంచే పెట్టె) ట్యూనింగు మీద ఆటవెలది పాదం ఒకటి. పాత లాగ్‌బుక్కు అట్ట లోపలివైపు పెన్సిలుతో రాసి ఉంది. మొదటి అక్షరం అరిగిపోయింది, మిగతాదంతా స్పష్టం:

◌ంచు ప్లేటు ముందు పెంచు లోడు

"దించు" అని చెవికి వినబడుతోంది. కంటికి మాత్రం అక్షరం కుడిపక్క కిందికి కొమ్ములాంటి గీత కనిపిస్తోంది. గుడి ఉండాల్సిన చోట కాగితం పొర లేచిపోయింది. ఎవరైనా మొత్తం పద్యం విన్నారా?

సూర్యగణం
దించు. ఇందులో చర్చకేముంది? ఐదూ హ గణాలే (గురువు, లఘువు): దించు, ప్లేటు, ముందు, పెంచు, లోడు. ది–పె అక్షరయతి (మొదటి అక్షరాల పొత్తు) కుదరదు, కాబట్టి ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) వేశాడు, దించు–పెంచు. అర్థం కూడా అదే. ముందు ప్లేటు (వాల్వులో కరెంటు చేరే రేకు) కరెంటు దించాలి, ఆ తర్వాతే లోడు (యాంటెన్నా వైపు లాగే పవరు) పెంచాలి.

అరసున్న
సూర్యగణం గారూ, ప్రాసయతి సాక్ష్యం చెల్లదు. ముంచు–పెంచు కూడా ప్రాసయతే. వంచు, దంచు, తుంచు ఏది పెట్టినా బండి నడుస్తుంది. పైగా గణాలు అంత నున్నగా లేవు. "ప్లే" సంయుక్తం, దానిముందున్న "చు" గురువు కాదా?

సూర్యగణం
కాదు. వేరే పదం, సమాసం కాదు, ఊది పలకం. "వాడు ప్రేమతో" అన్నప్పుడు "డు" లఘువుగానే ఉంటుంది కదా.

అరసున్న
ఒప్పుకున్నా. అయితే అది "దించు" కాదు, "డించు" అయి ఉండాలి. పాత కావ్యాల రూపం అదే, డిగ్గు–డించు. ఇంగ్లీషు "డిప్పు"కి పక్కనే కూర్చుంటుంది. రాసినవాడికి రెండు చెవులూ ఉన్నాయి.

పై సర్క్యూటు
ఛందస్సు పెద్దలు వదిలేసిన సంగతి ఒకటుంది. ఈ పాదం 807 అనే పాత వాల్వు కాలంది అనుకుంటే "దించు" నూటికి నూరుపాళ్లు ఖాయం. 807 నెత్తిమీద టోపీయే ప్లేటు. క్లాస్ సిలో నడిపేటప్పుడు ట్యాంకు (ప్లేటుకి కట్టిన కాయిలు, కండెన్సరు) రెజొనెన్సులో, అంటే సిగ్నలుతో శ్రుతిలో, లేకపోతే ప్లేటు కరెంటు అమాంతం ఎక్కుతుంది. ఆ పవరుకి బయటికి పోయే దారి లేదు కాబట్టి అంతా ప్లేటు మీద వేడిగానే పడుతుంది. ట్యూను గ్యాంగు (రేకుల కండెన్సరు) తిప్పుతుంటే ఒక చోట మీటరు ముల్లు గభాల్న కింద పడుతుంది. అదే డిప్పు. ముందు అది పట్టుకోకుండా లోడు జోలికి వెళ్తే వాల్వు పోతుంది. "ముందు" అన్న మాట అందుకే వేశాడు.

గ్యాంగు కండెన్సరు
"ముంచు" అనే వాళ్లం కూడా ఉన్నామండీ ఇక్కడ. ప్లేటు అనగానే వాల్వు ప్లేటే ఎందుకు కావాలి? గ్యాంగు రేకుల్ని కూడా ప్లేట్లనే అంటాం. కదిలే రేకులు కదలని రేకుల మధ్యకి పూర్తిగా దిగితే "మునిగాయి" అనడం రిపేరు బల్ల మీద మామూలు మాట. పై (π) నెట్‌వర్కులో, అంటే వాల్వుకీ యాంటెన్నాకీ మధ్య ఒక కాయిలు, రెండు గ్యాంగులు ఉండే సర్క్యూటులో, మొదటి పని ఏది? యాంటెన్నా వైపు గ్యాంగు, అంటే లోడు గ్యాంగు, పూర్తిగా ముంచి పెట్టడం. కెపాసిటీ గరిష్ఠం, లోడు కనిష్ఠం. అక్కణ్ణుంచి రేకులు కొద్దికొద్దిగా బయటికి తీస్తూ పోతే లోడు పెరుగుతుంది.

ముంచు ప్లేటు ముందు, పెంచు లోడు. అక్షరం అక్షరం సరిపోయింది. ము–ము అనుప్రాస కొసరు.

పై సర్క్యూటు
తెలివైన పాఠమే, కాదనను. కానీ ఆ లెక్కన రెండో సగం "తేల్చు" కావాలి. రేకులు బయటికి తీయడాన్ని "పెంచు" అని ఎవరంటారు? కొత్తవాళ్లు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. లోడు పెంచమంటే కెపాసిటీ పెంచుతారు, నాబు తిరగాల్సిన వైపు కాకుండా రెండో వైపు తిరుగుతుంది. నాబు మీద అంకెల్ని నమ్మకూడదు. కొన్ని పెట్టెల్లో 0 అంటే రేకులు పూర్తిగా మునిగిన స్థితి, కొన్నిట్లో అదే గరిష్ఠ అంకె. పైమూత తీసి ఒక్కసారి కళ్లతో చూసుకోవాలి. అదీ ప్లగ్గు పీకి, హైవోల్టేజి సున్నాకి దిగాక.

గ్యాంగు కండెన్సరు
పాల ముంచినా నీట ముంచినా రాసినవాడిదే భారం. "పెంచు లోడు" అన్నాడు గానీ "పెంచు కెపాసిటీ" అనలేదు కదా.

బందరు లడ్డూ
మీరంతా రేడియో బల్ల దగ్గరే ఆగిపోయారు. మామూలు తెలుగులో "లోడు"కి జోడీ క్రియ "దించు". లారీ లోడు దించారు, తల మీది బరువు దించారు. వినేవాడి మనసు "దించు" దగ్గరే "లోడు" కోసం ఎదురుచూస్తుంది, పాదం చివరికొచ్చేసరికి "పెంచు లోడు" అని తిరగబడుతుంది. చమత్కారమంతా అందులోనే ఉంది. "ముంచు" పెడితే ఆ మెరుపు పోతుంది.

ఇంకోటి. ఈ "ంచు" మోత వినగానే వేమన గుర్తురావడం లేదూ? "కంచు మోగునట్లు కనకంబు మోగునా". యాంప్లిఫయరు వాడేవాళ్లు గోడకి కట్టుకోవాల్సిన పాదం. డ్రైవు (లోపలికిచ్చే సిగ్నలు) ఎక్కువై గ్రిడ్డు (వాల్వులో కరెంటుని అదుపుచేసే జాలీ) నిండిపోయి, చుట్టుపక్కల పది కిలోహెర్ట్జుల దాకా చిందే సిగ్నలు కంచు. శుభ్రమైన సైడుబ్యాండు (గొంతు పంపే పద్ధతి) కనకం.

అరసున్న
"మోగు" కాదు, "మ్రోగు". రావత్తు తీసేసి బడి పుస్తకాల్లో నున్నగా చేశారు.

బందరు లడ్డూ
బ్రౌను 1829లో అచ్చువేసేనాటికే వేమన పద్యాలకి ఊరికో పాఠం ఉంది. నోట నడిచిన పద్యంలో రావత్తు ఏ ఊళ్లో జారిపోయిందో ఎవరు తేలుస్తారు? వేమన గొప్పదనమే అది, వత్తు పోయినా పద్యం నిలబడుతుంది. "అల్పుడెపుడు పల్కు" అని మొదలుపెట్టిన చోటే చూడండి, ఎంత సులువుగా...

డాలస్ యాంటెన్నా
వేమనని కాసేపు పక్కన పెట్టండి బాబాయ్. మూడో అర్థం ఒకటుంది, ఎవరూ ముట్టుకోలేదు. హీత్‌కిట్ ఎస్‌బి-220 యాంప్లిఫయరు ముందు పలక మీద ఒక స్విచ్చు ఉంటుంది: ఒకవైపు సీడబ్ల్యూ (మోర్సు)-ట్యూను, ఇంకోవైపు ఎస్ఎస్‌బి (సైడుబ్యాండు). ట్యూను వైపు పెడితే ప్లేటు వోల్టేజి తగ్గుతుంది, ఎస్ఎస్‌బి వైపు సుమారు 3,000 వోల్టులకి ఎక్కుతుంది. ట్యూనింగు తక్కువ వోల్టేజి మీద చేసి, తర్వాత పైకి మార్చాలి. "దించు ప్లేటు ముందు" అంటే ముందు ప్లేటు *వోల్టేజి* దించు అని! ముల్లూ కాదు, రేకులూ కావు.

ఆ పెట్టెలో వరస ఇది. బ్యాండు స్విచ్చు సరిచూసుకో, లోడు గ్యాంగు పూర్తిగా ముంచు (అవును, అక్కడ ముంచడమే), రిగ్గు (ట్రాన్స్‌మిటరు) నుంచి 15–20 వాట్ల క్యారియరు (మాట లేని ఏకధార సిగ్నలు) ఇవ్వు. ట్యూను తిప్పి డిప్పు పట్టు. లోడు ఒక మెట్టు పెంచు, ప్లేటు కరెంటు ఎక్కుతుంది, మళ్లీ డిప్పు. ఔట్‌పుట్ పెరగడం ఆగేదాకా ఇలాగే. ఆ తర్వాత డ్రైవు పెంచి మళ్లీ ఒక చుట్టు. ఒక్కో క్యారియరు పది సెకన్లకి మించకూడదు, మధ్యలో అంతే విరామం. చివర్లో లోడు శిఖరం కన్నా వెంట్రుకవాసి ఎక్కువ వైపే వదిలెయ్యాలి, మాటల శిఖరాల దగ్గర సిగ్నలు శుభ్రంగా ఉంటుంది.

పై సర్క్యూటు
తమ్ముడూ, ఒక సవరణ. నిండు డ్రైవు మీద, లోడు బాగా ఎక్కాక, గ్రౌండెడ్ గ్రిడ్డు ట్రయోడులో (గ్రిడ్డుని గ్రౌండు చేసిన వాల్వులో) డిప్పు దాదాపు కనిపించదు. గరిష్ఠ ఔట్‌పుట్, కనిష్ఠ ప్లేటు కరెంటు ఒకే చోట రావు. అక్కడ ప్లేటు ముల్లుని కాదు, గ్రిడ్డు ముల్లుని చూడాలి. గ్రిడ్డు కరెంటు ఎక్కువుంటే లోడు చాలలేదని, లేదా డ్రైవు మించిందని అర్థం. లోడు చాలకపోతే ప్లేటు దగ్గర ఆర్ఎఫ్ వోల్టేజి పేరుకుపోయి ట్యూను గ్యాంగులోనో బ్యాండు స్విచ్చులోనో మెరుపు కొడుతుంది. గ్రిడ్డు కరెంటు మరీ తక్కువగా ఉండి ఔట్‌పుట్ పడిపోతే లోడు మితిమీరింది. టెట్రోడు (స్క్రీను అనే రెండో గ్రిడ్డున్న వాల్వు) అయితే ఇదే కథ స్క్రీను కరెంటు చెబుతుంది.

సూర్యగణం
గ్రిడ్డు పాదం లేని పద్యం అసంపూర్ణమన్నమాట. పూరిస్తున్నా, కాచుకోండి:

గాలి లేని చోట గాజు బుడ్డి పగులు
దించు ప్లేటు ముందు పెంచు లోడు
గ్రిడ్డు ముల్లు చూడు గీత దాటకముందె
ఎర్రబడిన నాపు వెర్రివాడ

మూడో పాదంలో గ్రి–గీ యతి, నాలుగోదాంట్లో ఎర్ర–వెర్రి ప్రాసయతి. తప్పుంటే చూపండి.

డాలస్ యాంటెన్నా
ఛందస్సు మీది, ఒప్పుకున్నాం. ఎలక్ట్రానిక్సు తప్పు. "ఎర్రబడిన నాపు" అంటే 3-500జెడ్ ఉన్నవాళ్లెవరూ యాంప్లిఫయరు వాడలేరు. ఆ వాల్వు ప్లేటు మసగ్గా ఎర్రబడటం మామూలే. ప్లేటు మీది జిర్కోనియం పూత వేడెక్కితేనే లోపల మిగిలిన వాయువుని పీల్చుకుంటుంది. నెలల తరబడి చల్లగా మూల పడేసిన వాల్వు ఒక్కసారిగా హైవోల్టేజి చూస్తే లోపల మెరుపు కొట్టే అవకాశం ఎక్కువ. దీని హద్దులు: ప్లేటు మీద 500 వాట్ల వేడి, 400 మిల్లీ ఆంపుల కరెంటు. మందారం ఎరుపు పర్వాలేదు. నారింజ దాటి పసుపు వైపు పోతుంటే అప్పుడు ఆపు.

572బి వేరే సంగతి, అందులో ప్లేటు గ్రాఫైటు. అది రంగు చూపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

గ్యాంగు కండెన్సరు
మొదటి పాదానికి కూడా సవరణ. ఫ్యాను గాలి లేకపోతే ముందు పోయేది గాజు కాదు, కాలు. 3-500జెడ్ పిన్నుల్లో సోల్డరు ఉంటుంది, ఫిలమెంటు ఒక్కోదానికి 5 వోల్టుల మీద 14 ఆంపుల పైచిలుకు లాగుతుంది. సాకెట్టు స్ప్రింగు వదులై గాలి కూడా చాలకపోతే పిన్నులో సోల్డరు కరిగి కారుతుంది, ఫిలమెంటు ఒకసారి వెలిగి ఒకసారి ఆరుతుంది. వాల్వు పోయిందనుకుని పారేసేవాళ్లున్నారు. పిన్ను శుభ్రం చేసి మళ్లీ సోల్డరు నింపితే చాలాసార్లు బతుకుతుంది. కాబట్టి "గాలి లేని చోట కాలి సోల్డరు కారు" అనండి. గా–కా యతి, ఇద్దరూ కవర్గమే.

సూర్యగణం
"కాలిసోల్" అంటే గురు లఘు గురువు, ర గణం, సరే. "డరు కారు" సల గణం. ఓడిపోయాను! కానీ "కాలి" అంటే కాలిపోయి అనా, కాలు యొక్క అనా?

గ్యాంగు కండెన్సరు
రెండూ. శ్లేష.

అరసున్న
ఈ శ్లేష మాత్రం ఎవరి దగ్గరో అప్పు తెచ్చినట్టుంది. సరే, ఒక అనుమానం: ఎస్‌బి-220 లాంటి పాత పెట్టెని కొత్త రిగ్గుకి తగిలిస్తే రిలే లైను (యాంప్లిఫయరుని పనిలోకి దించడానికి రిగ్గుకి కలిపే తీగ) మీద వంద వోల్టుల పైనే ఉంటుందంటారు. ఆ లెక్కన "దించు" అక్కడికి కూడా సరిపోదా?

డాలస్ యాంటెన్నా
సరిపోతుంది, దించకపోతే రిగ్గు కాలుతుంది. కొత్త రిగ్గుల్లో రిలే లైనుని గ్రౌండు చేసేది చిన్న ట్రాన్సిస్టరు. పాత పెట్టె ఆ తీగ మీద నూరు వోల్టులు దాటి పెడుతుంది. మధ్యలో కీయింగు బోర్డు, లేదా కనీసం 12 వోల్టుల రిలే ఒకటి పెట్టి వేరుచెయ్యాలి. అందుకే రిగ్గు పుస్తకంలో ఆ సాకెట్టు ఎన్ని వోల్టులు, ఎన్ని మిల్లీ ఆంపులు ఓర్చుకుంటుందో ముందు చూసుకోవాలి.

ఎఫ్‌టి8 (కంప్యూటరుతో పంపే డిజిటల్ పద్ధతి) నడిపేవాళ్లకి ఇంకో మాట. అది ఒక్కో విడతకి 12.6 సెకన్లు ఆగకుండా క్యారియరు. సైడుబ్యాండు రేటింగు చూసి నడిపితే ట్రాన్స్‌ఫార్మరు, వాల్వు రెండూ ఉడుకుతాయి. సగం పవరుకి దించండి. మళ్లీ దించు!

బుడ్డిదీపం
అందరికీ నమస్కారం. నాకు నాలుగు అర్థాలూ దొరికాయి, అక్షరం మాత్రం దొరకలేదు. టార్చిని కాగితానికి దాదాపు ఆనించి అడ్డంగా వెలుగు పడేలా చూశాను. పెన్సిలు నొక్కు నీడలో తేలింది. కుడిపక్క గీత నిజమే, కిందికి దిగి చిన్నగా వంపు తిరిగింది. గుడి జాడ లేదు. కానీ ఆ గీత మొదలైన చోటు "మ" కన్నా "వ"కి దగ్గరగా ఉంది.

అరసున్న
వంచు! వంచు ప్లేటు ముందు! మొదట్లోనే చెప్పానుగా, ఏది పెట్టినా నడుస్తుందని. ముల్లుని ఎడమకి వంచడం.

పై సర్క్యూటు
ముల్లుని వంచితే మీటరు పోతుంది మహాప్రభో.

గ్యాంగు కండెన్సరు
వ కి కొమ్మిస్తే మ లాగే కనబడుతుంది. ఆ చేతిరాతలో "ముందు" స్పష్టంగానే ఉంది కదా, అందులో "ము" ఎలా రాశాడో చూసి పోల్చండి. అదొక్కటే దారి.

బుడ్డిదీపం
చూశాను. "ముందు"లో ము కొమ్ము పక్కకి సాగి పైకి లేచింది, ఇక్కడిది కిందికి దిగింది. రెండూ ఒకే చెయ్యి కాదేమో అనిపిస్తోంది.

సూర్యగణం
అయితే మొదటి అక్షరాన్ని తర్వాత ఇంకెవరో దిద్ది ఉండాలి. 807 పెట్టెలో పాత ట్యాంకు తీసేసి పై నెట్‌వర్కు పెట్టిన రోజున కాబోలు.