భవిష్యత్తులో స్థిరాస్తులపై పెట్టుబడి పెట్టాలంటే ఇప్పుడు ఏ డిగ్రీ, ఏ వృత్తి ఎంచుకోవాలి?

ప్రశ్న – గణితప్రియ

నా పాఠశాల చదువు పూర్తయింది. డిగ్రీలో ఏ విభాగంలో చేరాలో త్వరలోనే తేల్చుకోవాలి. ముప్ఫై అయిదేళ్లు దాటేలోగా అద్దె వచ్చే ఆస్తులు రెండు మూడు సమకూర్చుకుని, ఆ తరువాత ఉద్యోగం మీద ఆధారపడటాన్ని క్రమంగా తగ్గించుకోవాలన్నది నా లక్ష్యం. వారసత్వంగా వచ్చేదేమీ లేదు కాబట్టి మూలధనం నా సంపాదన నుంచే రావాలి.

గణితం బాగా వచ్చు, కంప్యూటర్లంటే ఆసక్తి ఉంది, కట్టడాలను గమనించడం కూడా ఇష్టమే. కంప్యూటర్ సైన్స్, సివిల్ ఇంజనీరింగ్, అకౌంటింగ్ అనే మూడింటి మధ్య ఆగిపోయాను. కొందరు డిగ్రీయే అనవసరమని, నేరుగా ఆస్తుల క్రయవిక్రయాల్లో మధ్యవర్తిగా చేరితే వ్యాపారమూ సంపాదనా రెండూ ఒకేచోట దొరుకుతాయని అంటున్నారు. ఎక్కువ జీతం వచ్చేదాన్ని ఎంచుకోవాలా, లేక స్థిరాస్తి రంగానికి దగ్గరగా ఉన్నదాన్నా?

సమాధానం – పూర్వ రుణాధికారి

గణితప్రియ గారూ, చాలా ఏళ్లు గృహరుణాల దరఖాస్తులు పరిశీలించినవాణ్ని కనుక, అప్పిచ్చేవారికి ఈ ప్రశ్న ఎలా కనిపిస్తుందో చెబుతాను. జీతం ఎంత అని అడగడంతోపాటు, అది ఎంత క్రమంగా వస్తోంది, అందులో ఇప్పటికే ఎంత భాగం పాత వాయిదాలకు పోతోంది అని కూడా మేము అంతే శ్రద్ధగా చూసేవాళ్లం. నెలనెలా జీతం అందుకునేవారి ఆదాయాన్ని కొద్ది నెలల పత్రాలతో నిర్ధారించుకోవచ్చు; కమీషన్ మీద బతికేవారిని మాత్రం సాధారణంగా కనీసం రెండేళ్ల లెక్కలు చూపమంటారు, ఆపైన మంచి ఏడాదినీ చెడ్డ ఏడాదినీ కలిపి సగటు తీస్తారు. మధ్యవర్తి వృత్తిలో సంపాదన ఎక్కువగా ఉన్నా అప్పు తక్కువగా దొరకడానికి ఇదే కారణం.

చాలామంది ముందస్తు చెల్లింపుకు కావలసిన డబ్బు కూడబెడితే చాలనుకుంటారు. ఆ తరువాతి సంగతి లెక్క వేసి చూడండి. ఆస్తి ధర 100 అనుకుందాం. మీరు 20 చెల్లించి, 80 అప్పు తీసుకున్నారు. వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు. ఏడాదికి కట్టవలసిన వాయిదాలు సుమారు 8.6 అవుతాయి. ఏడాదికి 5 చొప్పున అద్దె వస్తే, పన్నులు, మరమ్మతులు, ఇల్లు ఖాళీగా ఉండే కాలం పోను 4 మిగిలిందనుకుందాం. తక్కిన 4.6 మీ జీతంలో నుంచే రావాలి, అదీ అద్దె పెరిగి వాయిదాను అందుకునేదాకా ప్రతి ఏటా రావాలి. అదే 80 అప్పు 5 శాతం వడ్డీకి 30 ఏళ్ల గడువుతో దొరికే చోట ఏటా 5.2 కడితే సరిపోతుంది కనుక లోటు చాలా తగ్గిపోతుంది. ఏది ఏమైనా, ఆస్తి కొన్న తరువాత దాన్ని నిలబెట్టుకోగలిగే వృత్తిని మీరు ఎంచుకోవాలి.

ఇంకొక్క మాట. చదువు కోసం చేసే అప్పు వాయిదాను కూడా మీ రుణ అర్హతలో నుంచి తీసివేస్తారు.

సమాధానం – సివిల్ ఇంజనీరు

పై మాటలతో ఏకీభవిస్తూ, నా రంగం గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. స్థిరాస్తిపై పెట్టుబడి పెట్టేవారికి సివిల్ ఇంజనీరింగే సరైన చదువు అనే అభిప్రాయం పైకి సహజంగా కనిపిస్తుంది, కానీ అందులో ఒక పెద్ద ప్రమాదం ఉంది. ఆస్తుల ధరలు పడిపోయినప్పుడు కొత్త నిర్మాణాలు ఆగిపోతాయి, నిర్మాణాలు ఆగితే మా జీతాలూ ఆగుతాయి. 2008 ఆర్థిక సంక్షోభంలో అమెరికాలో ఇళ్ల ధరలు పడిపోతున్న కాలంలోనే భవన నిర్మాణ కార్మికులు, ఇంజనీర్లు, గృహరుణ సంస్థల సిబ్బంది, మధ్యవర్తులు పెద్దసంఖ్యలో ఉపాధి కోల్పోయారు. 80 అప్పుతో కొన్న ఆస్తి ధర 20 శాతం తగ్గితే మీరు పెట్టిన 20 పూర్తిగా హరించుకుపోయినట్లే. అటువంటి సమయంలో ఉద్యోగం నిలిచి ఉంటే వాయిదాలు కడుతూ ధర కోలుకునేదాకా ఓపిక పట్టవచ్చు; ఉద్యోగం కూడా పోతే అదే తక్కువ ధరకు అమ్ముకోక తప్పదు. మీ ఆదాయమూ మీ ఆస్తీ ఒకే గాలికి ఊగకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆరోగ్య సేవలు, అకౌంటింగ్, ప్రభుత్వోద్యోగం వంటివి ఈ కోణంలో మెరుగైనవి. సాఫ్ట్‌వేర్ రంగానికి ఎత్తుపల్లాలు లేకపోలేదు గానీ, అవి స్థిరాస్తి ఎత్తుపల్లాలతో ప్రతిసారీ కలిసి రావు.

నా చదువు నాకు ఉపయోగపడిందా అంటే, పడింది. గోడ మీది పగులు పూతలో ఉందా, పునాది కుంగడం వల్ల వచ్చిందా అన్నది చూసి చెప్పగలను. అయితే ఆ పరిశీలనకు కొనుగోలు సమయంలో ఒక నిపుణుడికి రుసుము చెల్లిస్తే సరిపోతుంది, నాలుగేళ్ల చదువు అక్కరలేదు. దస్తావేజుల పరిశీలనకు న్యాయవాది విషయంలోనూ ఇంతే. కట్టడాల మీద నిజమైన మక్కువ ఉంటే మాత్రం ఈ చదువును నిస్సందేహంగా ఎంచుకోండి, కానీ పెట్టుబడి కోసమని ఎంచుకోకండి.

గణితప్రియ

ఇద్దరికీ ధన్యవాదాలు. లోటు గురించి, ఆదాయమూ ఆస్తీ కలిసి పడిపోయే ప్రమాదం గురించి నేను ఆలోచించనే లేదు. ఇప్పుడు కంప్యూటర్ సైన్స్, అకౌంటింగ్ మిగిలాయి. మొదటిదాన్ని పేరున్న కళాశాలలో చదవాలంటే అప్పు చేయాలి. సాధారణ కళాశాలలో అయితే ఏ చదువైనా అప్పు లేకుండానే పూర్తవుతుంది. దీన్ని ఎలా తూచాలి?

సమాధానం – అకౌంటెంట్

కళాశాల పేరును పక్కన పెట్టి, అక్కడ మీరు చేరాలనుకునే విభాగంలో చదివినవారిలో ఎందరికి ఉద్యోగాలు వచ్చాయో, వారిలో మధ్యస్థంగా ఉన్నవారి తొలి జీతం ఎంతో రెండు చోట్లా అడిగి తెలుసుకోండి. అత్యధిక జీతం గురించి చెప్పే ప్రకటనను లెక్కలోకి తీసుకోకండి. రెండు జీతాల మధ్య తేడాలో పన్ను పోగా మిగిలేది, చదువు అప్పు వాయిదాకంటే స్పష్టంగా ఎక్కువగా ఉంటేనే ఆ అప్పుకు అర్థం ఉంటుంది. 9 శాతం వడ్డీని కట్టకుండా అసలులో కలిసిపోనిస్తే సుమారు 8 ఏళ్లలో అప్పు రెట్టింపవుతుందని కూడా గుర్తుంచుకోండి. మీరు పొదుపు మొదలుపెట్టవలసిన ఏళ్లు కూడా సరిగ్గా అవే.

రెండు చదువుల్లో ఏదన్నది ఆసక్తిని బట్టి తేల్చుకోండి, ఎందుకంటే పదేళ్లకు పైగా ఆ పనే చేయాలి. నచ్చని పనిలో ఎక్కువ జీతంతో చేరి, మూడో ఏట విసిగి మానేసినవారికి పొదుపూ మిగలదు, రుణ అర్హతా మిగలదు. కంప్యూటర్ సైన్స్ తీసుకున్నా అకౌంటింగ్‌లో ఒకటి రెండు పాఠ్యాంశాలు తప్పక చదవండి. లాభానికీ చేతికొచ్చే నగదుకూ తేడా, తరుగుదల లెక్క, మూలధన లాభంపై పన్ను అన్నవి ప్రతి ఆస్తి విషయంలోనూ మీకు ఎదురవుతాయి.

మొదటి ఆస్తి కొనేదాకా ఈ రంగానికి దూరంగా ఉండవలసిన పని కూడా లేదు. అమెరికాలో 1960లో చట్టం ద్వారా మొదలై, తరువాత అనేక దేశాలకు విస్తరించిన, అద్దె వచ్చే ఆస్తులను కలిగి ఉండి ఆ ఆదాయాన్ని వాటాదారులకు పంచే సంస్థలైన రీట్‌లలో చిన్న మొత్తాలతో వాటాలు కొనవచ్చు. వాటి వార్షిక నివేదికల్లో ఎంత స్థలం ఖాళీగా ఉంది, అప్పు ఎంత, కౌలు గడువులు ఎప్పుడు ముగుస్తాయి అన్న వివరాలు ఉంటాయి కాబట్టి, డబ్బు పెట్టకపోయినా చదవండి. మధ్యవర్తి పని మీద ఆసక్తి ఉంటే సెలవుల్లో ఎవరి దగ్గరైనా సహాయకురాలిగా చేరి చూడండి. ఆ వృత్తిలోకి చాలా చోట్ల డిగ్రీ లేకుండానే ప్రవేశించవచ్చు కనుక, డిగ్రీ పూర్తయ్యాక కూడా ఆ దారి మీకు తెరిచే ఉంటుంది.