యోగా శిక్షకులకు అనాటమీ ఎంత తెలియాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
నమస్కారం. 200 గంటల శిక్షణ పూర్తిచేసి, ఈమధ్యే తరగతులు చెప్పడం మొదలుపెట్టాను. ఎముకల పేర్లు, ముఖ్యమైన కండరాల పేర్లు పరీక్ష కోసం చదివాను గానీ, పద్మాసనంలో కూర్చోబోతే మోకాలు ఎందుకు నొస్తోందని ఎవరైనా అడిగితే ఆ పేర్లేవీ అక్కరకు రావడం లేదు. వైద్య విద్యార్థుల పుస్తకాలే చదవాలా, లేక బోధనకు సరిపడేంత నేర్చుకునే మార్గం వేరే ఉందా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవకండి. మీరు తరచూ నేర్పే ఆసనాలు నాలుగైదు ఎంచుకొని, ఒక్కొక్కదానిలో ఏ కీలు ఎటు కదులుతోంది, ఆ కదలికను ఏది ఆపుతోంది అని చూసుకుంటూ వెళ్లండి. మీరడిగిన పద్మాసనాన్నే తీసుకుందాం. మోకాలు ప్రధానంగా ముడుచుకొని చాచుకునే కీలు; మెలితిరిగే వెసులుబాటు దానికి చాలా తక్కువ. పాదం ఎదుటి తొడ మీదికి రావాలంటే తొడ ఎముక తుంటి కీలులో బయటివైపు తిరగాలి. అది తిరగకముందే పాదాన్ని చేత్తో పట్టి లాగితే, ఆ మెలి అంతా మోకాలి మీద పడి లోపలి మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) నలుగుతుంది. తుంటి గుంట లోతు, తొడ ఎముక మెడ కోణం మనిషి మనిషికీ మారతాయి కాబట్టి, ఎన్నేళ్లు సాధన చేసినా కొందరికి పద్మాసనం రాదు. వారిని సుఖాసనంలో కూర్చోబెట్టడం ఏ విధంగానూ తక్కువ కాదు.

కాళ్లు చాచి కూర్చొని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనాన్నీ ఇలాగే చూడండి. తొడ వెనుక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరాలు బిగుసుకున్నవారిలో కటి (తుంటి ఎముకల గూడు) ముందుకు ఒరగదు, దాంతో నడుమే గుండ్రంగా వంగుతుంది. పిరుదుల కింద మడతపెట్టిన దుప్పటి వేసి, మోకాళ్లు కాస్త మడవమంటే తేడా వెంటనే కంటికి కనిపిస్తుంది.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తాను. అయితే అనాటమీ చదివాక ముందుగా సరిదిద్దుకోవలసింది మనం తరగతిలో అలవాటుగా వల్లించే సూచనలను. చేతులు తలపైకి ఎత్తించి, ‘భుజాలు కిందికి లాగండి’ అంటాం. చేయి పూర్తిగా, అంటే దాదాపు 180 డిగ్రీలు, పైకి లేచేటప్పుడు అందులో సుమారు మూడో వంతు భుజఫలకం (వీపు పైభాగంలోని రెక్క ఎముక) తిరగడం వల్లే వస్తుంది. దాన్ని కిందికి లాగి ఉంచితే కదలికకు మనమే అడ్డుపడినట్టు. ఒకరి భుజఫలకం మీద అరచేయి ఉంచి, వారిని చేయి నెమ్మదిగా ఎత్తమనండి. దాని కింది మూల పక్కకు, ముందుకు జరగడం మీ చేతికే తెలుస్తుంది. బొమ్మలు చూస్తే ఇది అంత బాగా అర్థం కాదు.

జవాబు 3:
నేను ఫిజియోథెరపిస్టును. పైవారు చెప్పినవన్నీ అవసరమే గానీ, ఎవరికి ఏది చేయించకూడదో తెలుసుకోవడం అంతకన్నా ముందు జరగాలని నా అభిప్రాయం. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవారికి, రక్తపోటు అదుపులో లేనివారికి శీర్షాసనం వద్దు. బోలు ఎముకల వ్యాధి ఉన్నవారిని వెన్ను గుండ్రంగా వంచి బలంగా ముందుకు వంగనివ్వకూడదు. నడుము నొప్పి కాలిలోకి పాకుతోందనో, తిమ్మిరి ఉందనో చెప్పినవారికి ‘డిస్కు జారింది’ అని మీరు రోగ నిర్ధారణ చేయకండి. వైద్యుడి దగ్గరికి పంపండి. మూత్రం మీద అదుపు తప్పుతోందని కూడా అంటే అత్యవసరంగా పంపాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. తుంటి, భుజం కీళ్లతో మొదలుపెడతాను. ఒక్క సందేహం: కీళ్లు అతిగా సాగేవారికి ప్రతి ఆసనమూ సులువుగా వచ్చేస్తుంది కదా, వారి విషయంలోనూ జాగ్రత్త అవసరమా?

జవాబు 3:
తప్పకుండా అవసరమండీ. తరగతిలో అందరూ మెచ్చుకునేది వారినే, మనం తక్కువగా గమనించేదీ వారినే. చేయి చాచినప్పుడు మోచేయి, నిలబడినప్పుడు మోకాలు తిన్నని గీత దాటి వెనక్కి వంగుతున్నాయేమో పక్కనుంచి చూడండి. అలా ఉంటే, ఆసనం చివరి అంచుదాకా వెళ్లకుండా కాస్త ముందే ఆగి, కీలు చుట్టూ ఉన్న కండరాలను బిగించి నిలబడమనండి. వారికి కావలసింది ఇంకా సాగడం కాదు, బలం.